ముందు ఎంత ఆడారో చెప్పండి, ర్యాంకుల సంగతి తర్వాత

మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏడాదంతా పుట్టినరోజు శుభాకాంక్షలు, ఫ్లాట్ల రేట్లు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. డిసెంబరు వచ్చేసరికి మాత్రం హాస్టల్ రోజులు తిరిగొస్తాయి. ఏ సైటు ఏ గేమ్‌ని మొదట పెట్టింది, దేన్ని పదకొండో స్థానానికి తోసేసింది, 'గేమ్ ఆఫ్ ది ఇయర్' ఎవరికి దక్కాల్సింది ఎవరికి దక్కింది అని అర్ధరాత్రి దాటేదాకా కొట్టుకుంటాం. 2025 డిసెంబరులో క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 గేముల రంగంలో పెద్ద పండగైన ది గేమ్ అవార్డ్స్‌లో తొమ్మిది బహుమతులు ఎత్తుకుపోయినప్పుడు ఆ గొడవ మరీ ముదిరింది. డల్లాస్‌లో ఉన్నవాడు హాలో నైట్: సిల్క్‌సాంగ్‌కి అన్యాయం జరిగిందన్నాడు. బెంగళూరులో ఉన్నవాడు అసలు విమర్శకులంతా ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాస్తారన్నాడు. ఎప్పుడూ నోరు మెదపని కరీంనగర్ వాడు ఒకే ఒక్క మెసేజ్ పెట్టాడు: "ఒరేయ్, నామినేట్ అయిన ఆ ఆరు గేముల్లో మీరు చివరిదాకా ఆడినవి ఎన్నిరా?"

కాసేపు ఎవరూ ఏమీ టైప్ చెయ్యలేదు. తర్వాత ఎవడో బ్రహ్మానందం స్టిక్కర్ పెట్టి టాపిక్ మార్చేశాడు.

మావాళ్ళు ఆ ప్రశ్న తప్పించుకుంటే పోయేదేం లేదు, వాళ్ళకి గేములు ఆడినందుకు ఎవరూ జీతం ఇవ్వడం లేదు. కానీ అదే ప్రశ్న విమర్శకుల్ని అడగాలని నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఏటా జాబితాలు వస్తాయి, ఏటా వాటిలోని వరుస మీద యుద్ధం జరుగుతుంది. ఏడోది నాలుగోది కావాల్సిందా, ఫలానాది అసలు ఎందుకు లేదు అని. నా దృష్టిలో ఆ వరుస పెద్ద విషయం కాదు. ఆ జాబితా రాసినవాళ్ళు వాటిని ఎంతవరకు ఆడారు, ఏవి ముట్టుకోలేదు అన్న సమాచారం ఎక్కడా ఉండకపోవడమే అసలు లోపం. అది లేనప్పుడు ఒకటి నుంచి యాభై దాకా వేసే అంకెలకి విలువ లేదని నా వాదన.

గంటల లెక్క

సినిమా విమర్శకుడు రెండున్నర గంటలు కూర్చుంటే సినిమా అయిపోతుంది. బాగా లేకపోయినా ఇంటర్వెల్లో లేచి వచ్చేసి రివ్యూ రాస్తే మనం ఊరుకోం. నవలకైనా వారం పది రోజులు చాలు. గేముల సంగతి అలా కాదు. 2025లో పోటీకి నిలబడ్డ ఆరింటినే తీసుకోండి: ఎక్స్‌పెడిషన్ 33, డెత్ స్ట్రాండింగ్ 2, డాంకీ కాంగ్ బనాంజా, హేడీస్ 2, సిల్క్‌సాంగ్, కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2. పక్కదారులు పట్టకుండా కథ మాత్రమే చూసుకుంటూ పోయినా ఈ ఆరూ కలిసి నూట యాభై గంటలు దాటతాయి. ఇవి వడపోత అయ్యాక మిగిలినవి. 2024లో పీసీ గేములు అమ్మే స్టీమ్ అనే ఒక్క ఆన్‌లైన్ స్టోర్‌లోనే 18,000కి పైగా కొత్త గేములు వచ్చాయి. అందులో తొంభై శాతం చెత్త అని కొట్టిపారేసినా మిగిలేవి ఏ మనిషీ ఒక ఏడాదిలో ఆడలేనన్ని.

కాబట్టి "ఈ ఏడాది ఉత్తమ గేములు" అనే మాట అక్షరాలా నిజం కావడానికి వీల్లేదు. "ఈ ఏడాది మేం ఆడగలిగినవాటిలో మాకు నచ్చినవి" అన్నదే నిజం. ఆ మాట అనడానికి ఎవరికీ సిగ్గు అక్కర్లేదు. అయినా శీర్షికలో ఎవరూ పెట్టరు.

బాల్డర్స్ గేట్ 3 విషయం ఈ సందర్భంలో నాకు తరచూ గుర్తొస్తుంది. 2023 ఆగస్టు 3న పీసీలో విడుదలైంది. విమర్శకుల చేతికి పూర్తి గేమ్ అందింది విడుదలకి కొద్దిరోజుల ముందే. అందుకే మొదటి వారంలో చాలా చోట్ల "రివ్యూ ఇంకా సాగుతోంది" అనే శీర్షికలు కనిపించాయి. అంతవరకు నిజాయితీగానే ఉన్నారు. గేమ్ పేరులో ఉన్న ఆ ఊరు మూడో అంకంలో గానీ రాదు. ఆ మూడో అంకంలోనే బగ్గులు, ఆట నత్తనడక నడవడం లాంటి ఫిర్యాదులు ఎక్కువగా వచ్చాయి. లారియన్ స్టూడియో తర్వాతి నెలల్లో వరసపెట్టి ప్యాచ్‌లు (దిద్దుబాటు అప్‌డేట్లు) ఇస్తూ సరిచేసింది. డిసెంబరులో ఆ గేమ్‌కి 'గేమ్ ఆఫ్ ది ఇయర్' వచ్చింది. రావాల్సిందే, నాకు అందులో అనుమానం లేదు. కానీ ఆ ఏడాది దాన్ని మొదటి స్థానంలో పెట్టిన వందల మందిలో ఆ ఊరి గేటు దాటినవాళ్ళెందరు? మొదటి అంకంలోని అడవిలోనే మనసు పారేసుకుని ఓటేసినవాళ్ళెందరు? తెలుసుకునే దారి లేదు. మామూలు ఆటగాళ్ళ విషయంలో అయితే దారి ఉంది. స్టీమ్‌లో ఎవరైనా అచీవ్‌మెంట్ల (గేమ్‌లో దాటిన మజిలీల) పేజీ తెరిచి చూడొచ్చు, ఎంత శాతం మంది ఎక్కడిదాకా వచ్చారో ఇట్టే తెలిసిపోతుంది. పెద్ద పెద్ద గేముల్లో చివరికి చేరినవాళ్ళు చాలాసార్లు సగం కూడా ఉండరు. మన బండారం బయటపెట్టే వ్యవస్థ ఉంది, విమర్శకులది బయటపెట్టేది లేదు!

ఇక్కడ నాకే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అంతా ఆడితేనే తీర్పు చెప్పాలా? ఇరవై గంటలు ఆడి విసుగొచ్చి వదిలేసిన గేమ్ గురించి ఆ విసుగే తీర్పు కాదా? ఔను, కాదనను. హేడీస్ 2 లాంటివాటికి "పూర్తి" అనే మాటే సరిగ్గా అతకదు, మళ్ళీ మళ్ళీ మొదటినుంచి ఆడటమే ఆ ఆట. ఇంకో పక్క ఈ రంగంలో ఉద్యోగాల పరిస్థితి చూస్తున్నాం. 2025 మే నెలలో పాలీగాన్ అనే గేమ్స్ సైటు చేతులు మారింది, అక్కడి సిబ్బందిలో చాలామంది ఒక్కరోజులో బయటికొచ్చేశారు. ఉన్న కొద్దిమంది గైడ్లు రాయాలి, వార్తలు రాయాలి, వీడియోలు చెయ్యాలి, మధ్యలో అరవై గంటల గేమ్ పూర్తి చెయ్యాలి. వాళ్ళని పట్టుకుని "ఎందుకు ఆడలేదు" అని నిలదీయడం నా ఉద్దేశం కాదు. ఆడకపోవడం నేరం కాదు. "ఇది పన్నెండు గంటలు ఆడాను, చివర చూడలేదు" అని ఒక వాక్యం రాస్తే చాలు. ఆ ఒక్క వాక్యం వల్ల ఆ జాబితా మీద నాకు నమ్మకం తగ్గదు, పెరుగుతుంది.

ఓట్లు కలిపితే ఏమవుతుంది

ఇది ఇంకాస్త లోతైన సమస్య. ఒక మనిషి రాసిన జాబితా ఒకటి, వందమంది ఓట్లు కలిపితే వచ్చే జాబితా ఇంకొకటి. రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకే రకం కావు.

ది గేమ్ అవార్డ్స్ పద్ధతి చూడండి. జెఫ్ కీలీ 2014లో మొదలుపెట్టిన ఈ అవార్డులకి ప్రపంచమంతటా వందకి పైగా పత్రికలు, సైట్లు, ఛానళ్ళు ఓటేస్తాయి. నామినేషన్ల దశలో ఒక్కో సంస్థ తన సిబ్బంది అందరి అభిప్రాయం కలుపుకుని ఒక్కో విభాగానికి ఐదు పేర్లు ఇస్తుంది, వాటికి వరుస ఉండదు. ఎక్కువ బ్యాలెట్లలో ఉన్న పేర్లు నామినేట్ అవుతాయి. తర్వాత విజేత కోసం మళ్ళీ ఓటింగ్, అందులో జ్యూరీది 90 శాతం, జనానిది 10 శాతం. ఏ సంస్థ దేనికి వేసిందో నిర్వాహకులు చెప్పరు.

దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. పది మంది ప్రాణం పెట్టే గేమ్ కంటే డెబ్బై మంది "బాగుంది, ఐదింటిలో ఒకటిగా ఉండనివ్వు" అనుకునే గేమ్ ముందుకెళ్తుంది. ఎక్కువమంది కనీసం ముట్టుకున్నదై ఉండాలి, అదే మొదటి అర్హత. 2019 నామినేషన్లు దీనికి మంచి ఉదాహరణ. డిస్కో ఎలీజియం అక్టోబరు మధ్యలో పీసీలో మాత్రమే వచ్చింది. చదవాల్సినంత చదువు ఉన్న గేమ్, తుపాకీ పేల్చుకుంటూ పోయేది కాదు. ఆ రాత్రి పోటీపడ్డ నాలుగు విభాగాల్లోనూ అదే గెలిచింది: కథనం, రోల్ ప్లేయింగ్, ఇండీ (పెద్ద కంపెనీల అండ లేకుండా చేసేవి), కొత్తవాళ్ళ ఇండీ. కానీ 'గేమ్ ఆఫ్ ది ఇయర్' ఆరుగురిలో దాని పేరు లేదు! ఉన్నవాటిలో ఒకటి సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్, అది 2018 డిసెంబరులో వచ్చిన గేమ్. ఏడాది పాటు అందరూ ఆడారు కాబట్టి అందరికీ గుర్తుంది. సెకిరో గెలిచింది, గెలవదగ్గదే. నా అభ్యంతరం విజేత మీద కాదు. ఆడినవాళ్ళలో ఎంతమంది డిస్కోకి మొదటి స్థానం ఇచ్చారు అనే లెక్క మన దగ్గర ఉండి ఉంటే కథ ఇంకోలా కనిపించేది. ఉన్నది "అందరిలో ఎంతమంది" అనే లెక్క. ఆడనివాడు వెయ్యని ఓటు, ఆడి నచ్చనివాడు వెయ్యని ఓటు, రెండూ అందులో ఒకటే.

అయితే ఈ వాదన ఎప్పుడూ చిన్న గేములకే అనుకూలం అనుకుంటే పొరపాటు. బలాట్రో సంగతి చూడండి. కెనడాలో ఒకే ఒక్క మనిషి పోకర్ ఆధారంగా తయారుచేసిన పేకముక్కల ఆట. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, సెప్టెంబరుకల్లా ఫోన్లలోకి దిగింది. ఎయిర్‌పోర్టులో, బాత్రూములో, మీటింగులో టేబుల్ కింద, ఎక్కడపడితే అక్కడ ఆడొచ్చు. విమర్శకుల్లో ముట్టుకోనివాడు లేడు. వందల కోట్ల బడ్జెట్ గేముల పక్కన నామినేషన్ దక్కించుకుని మూడు అవార్డులు పట్టుకుపోయింది. డిస్కోని వెనక్కి లాగిన లెక్కే దీన్ని ముందుకు తోసింది. నాకు బలాట్రో చాలా ఇష్టం కాబట్టి ఈ మాట ఒప్పుకోవడానికి కొంచెం మనసొప్పదు, కానీ నిజం అదే.

మా బాబాయి సంగతి ఇక్కడ చెప్పాలి. పండక్కి ఊరెళ్ళినప్పుడు నా ఫోన్‌లో బలాట్రో ముక్కలు చూసి ముఖం మాడ్చుకున్నాడు. "ఆన్‌లైన్ రమ్మీనా? తెలంగాణలో ఎప్పుడో బంద్ చేశారు కదరా, మీ నాన్నకి తెలుసా?" అన్నాడు. డబ్బులు పెట్టేది కాదు బాబాయ్ అని చేతికిచ్చాను. పోకర్ రాదు గానీ తీన్‌పత్తీ వచ్చు. త్రీ ఆఫ్ ఎ కైండ్‌ని ట్రయల్ అంటూ, ఫ్లష్‌ని కలర్ అంటూ మొదలుపెట్టాడు. జోకర్లు లెక్కని ఎలా తిప్పేస్తాయో అర్థమయ్యాక భోజనానికి పిలిచినా లేవలేదు. చివరికి ఫోన్ తిరిగిస్తూ "ఇది చేసినవాడు పేకాటలో డబ్బు పోగొట్టుకున్నవాడై ఉంటాడు, మనిషి ఎక్కడ ఆశపడతాడో వాడికి తెలుసు" అన్నాడు. నేను చదివిన ఏ వార్షిక జాబితాలోనూ బలాట్రో గురించి ఇంత మంచి వాక్యం కనబడలేదు. ఒక మనిషి, తన అనుభవం, తను ఆడింది. నేను విమర్శకుల దగ్గర్నుంచి కోరుకునేది అదే.

డిసెంబరుకే ఎందుకు ఈ తొందర

జాబితాలు డిసెంబరులో ఎందుకొస్తాయో అందరికీ తెలుసు. సెలవులు, స్టీమ్ వింటర్ సేల్, కొనేవాళ్ళు వెతుక్కునే సమయం. కానీ గేములు మాత్రం డిసెంబరుకి తయారై కూర్చోవు. 2020లో సైబర్‌పంక్ 2077 డిసెంబరు 10న వచ్చింది, గేమ్ అవార్డ్స్ వేడుక కూడా అదే రోజు. ముందుగా విమర్శకులకి ఇచ్చింది పీసీ వెర్షన్ ఒక్కటే. పాత కన్సోళ్ళలో (టీవీకి తగిలించి ఆడే యంత్రాల్లో) అది ఎంత ఘోరంగా ఉందో విడుదలయ్యాక గానీ బయటపడలేదు. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది, ఆరు నెలల తర్వాత గానీ తిరిగి పెట్టలేదు. సరిగ్గా మూడేళ్ళకి, 2023లో, అదే గేమ్‌కి అదే వేదిక మీద 'బెస్ట్ ఆన్‌గోయింగ్ గేమ్' అవార్డు వచ్చింది. మరి సైబర్‌పంక్ మంచి గేమా చెడ్డ గేమా? ఏ ఏడాది జాబితాలో పెట్టాలి? ప్యాచ్‌లతో ఏళ్ళ తరబడి మారిపోయే వస్తువుకి ఒక డిసెంబరు తేదీ వేసి ముద్ర కొట్టడం ఎంత అర్థంలేనిదో దీన్ని మించిన ఉదాహరణ అక్కర్లేదు.

అమంగ్ అస్ ఇంకా తమాషా. 2018లో వచ్చింది. ఆ ఏడాది జాబితాల్లో దాన్ని వెతకడం దండగ. లాక్‌డౌన్లో ప్రపంచమంతా ఇళ్ళలో కూర్చుని ఒకళ్ళనొకళ్ళు "నువ్వే దొంగ" అనుకోవడం మొదలెట్టాక 2020లో రెండు అవార్డులు గెలుచుకుంది. విమర్శకులు రెండేళ్ళు నిద్రపోయారని అనను. ఆ గేమ్‌కి కావాల్సిన ఆటగాళ్ళే 2018లో లేరు.

సినిమా అవార్డులిచ్చే బ్రిటిష్ సంస్థ బాఫ్టా వాళ్ళు గేమ్ అవార్డులు వసంతంలో ఇస్తారు. మన లెక్కలో చెప్పాలంటే ఇంచుమించు ఉగాది రోజుల్లో. ఆ మూడు నాలుగు నెలల తేడా ఏం చేస్తుందో చూడండి. 2019 గేములకి 2020 వసంతంలో ఇచ్చిన బాఫ్టాల్లో ఉత్తమ గేమ్ ఔటర్ వైల్డ్స్. డిసెంబరు నాటి ఆరుగురిలో దానికి చోటు లేదు. డిస్కో ఎలీజియం అక్కడ మూడు గెలిచింది. 2023 మార్చిలో ఎల్డెన్ రింగ్‌ని, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌ని దాటి వాంపైర్ సర్వైవర్స్ గెలిచింది, దాడి చెయ్యడానికి బటన్ నొక్కకుండా జాయ్‌స్టిక్ తిప్పుతూ ఆడే ఆట అది. బాఫ్టా ఓటర్లు వేరు, పద్ధతి వేరు, కాబట్టి ఇదంతా కేవలం ఆలస్యం మహిమే అని చెప్పలేను. కానీ సేల్ హడావుడి అయిపోయాక, సంక్రాంతి సెలవుల్లో తీరిగ్గా ఆడాక మనసులో మిగిలేవి వేరుగా ఉంటాయని నా అనుభవం కూడా చెబుతోంది.

జనం ఓటే మేలా?

విమర్శకుల మీద విసిగిపోయినవాళ్ళు వెంటనే చెప్పే మందు ఇది: జనాన్ని అడగండి. మా బెంగళూరు మిత్రుడి వాదన కూడా అదే. స్టీమ్ అవార్డులు పూర్తిగా జనం ఓట్లతో నడుస్తాయి. 2023 అవార్డుల్లో "అత్యంత వినూత్నమైన ఆట" అనే బహుమతి స్టార్‌ఫీల్డ్‌కి ఇచ్చారు, పాతికేళ్ళుగా అదే అచ్చులో గేములు తీస్తున్న బెథెస్డా సంస్థది. విడుదలయ్యాక కూడా ప్రేమగా సాకుతున్న గేమ్‌కి ఇవ్వాల్సిన "లేబర్ ఆఫ్ లవ్" రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి ఇచ్చారు, దాని ఆన్‌లైన్ భాగాన్ని సొంత కంపెనీయే పట్టించుకోవడం మానేసిందని ఆటగాళ్ళు ఏడుస్తున్న రోజుల్లో. వెటకారానికి వేశారో, నిజంగానే వేశారో దేవుడికెరుక. మరుసటేడు బ్లాక్ మిత్: వుకాంగ్ స్టీమ్‌లో గెలిచింది, గేమ్ అవార్డ్స్‌లో జనం ఓటుతో ఇచ్చే ప్లేయర్స్ వాయిస్ కూడా గెలిచింది. విమర్శకుల 'గేమ్ ఆఫ్ ది ఇయర్' మాత్రం ఆస్ట్రో బాట్‌కి పోయింది. చైనా అభిమానుల కోపం చాలా రోజులు చల్లారలేదు. వుకాంగ్ మంచి గేమే. కానీ అభిమానుల సంఖ్యే కొలత అయితే రేపు మనవాళ్ళు తల్చుకుంటే ఏ గేమ్‌ని గెలిపించలేరు? హీరోల అభిమానులు ట్రెండింగ్ కోసం రాత్రుళ్ళు మేలుకునే రాష్ట్రాలు మనవి, ఈ విషయంలో మనకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు.

మన వైపు నుంచి చూస్తే

సోనీ కన్సోల్ పీఎస్5 అమెరికాలో 2020 నవంబరులో వస్తే మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, 49,990 రూపాయలకి. నిన్‌టెండో ఇప్పటికీ అధికారికంగా ఇక్కడ దుకాణం తెరవలేదు. వాళ్ళ జెల్డా గేములు ఆడినవాళ్ళంతా గ్రే మార్కెట్లో కొన్నవాళ్ళో, అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల మీద ఆధారపడ్డవాళ్ళో. ఇక మన దగ్గర ఎక్కువమంది గేమర్లు అంటే ఫోన్‌లో ఆడేవాళ్ళు. పబ్‌జీ బ్యాన్ అయినప్పుడు ఏడ్చి, బీజీఎంఐగా తిరిగొచ్చినప్పుడు పండగ చేసుకుని, అదీ పది నెలలు కనబడకుండా పోయి మళ్ళీ వస్తే మళ్ళీ పండగ చేసుకున్నవాళ్ళు. వాళ్ళ జీవితంలో అన్నిటికంటే పెద్ద గేము ఏ విమర్శకుడి పదిలోనూ ఉండదు. ఉండాలని కూడా నేను అనడం లేదు. ఆ జాబితాలు తమని "ప్రపంచ" జాబితాలు అనుకోవడం మానేస్తే చాలు.

నా వాదనకి ఎదురొచ్చే గట్టి మాట మా పిన్ని కొడుకు దగ్గర్నుంచి వచ్చింది. రాజమండ్రిలో ఉంటాడు, ఏడాదికి ఒక్క పెద్ద గేమ్ కొంటాడు, సేల్‌లో. "నువ్వు చెప్పినట్టు పాతికమంది పాతిక రకాలుగా రాస్తే నేనేం చేసుకోను అన్నయ్యా? నా డబ్బులు ఒక్క గేమ్‌కే వస్తాయి. ఎక్కువమంది మంచిదన్నది ఏదో అది చెప్తే చాలు" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉమ్మడి జాబితా అతనికి నిజంగానే ఉపయోగం. నాలుగు వేలు పెట్టి ప్రయోగాలు చెయ్యమని అతనికి నేను చెప్పలేను. కానీ అతను కూడా ఒకసారి అలా జాబితాలన్నిటిలో మొదట ఉన్నదాన్ని చూసి కొన్నాడు, పది గంటల్లో వదిలేశాడు. కత్తి తిప్పే టైమింగ్ అతనికి రాలేదు. ఆ మొదటి స్థానం ఇచ్చినవాళ్ళలో ఒక్కరైనా "నేను ఇలాంటి గేములు పదేళ్ళుగా ఆడుతున్నా, కొత్తవాళ్ళకి మొదటి పది గంటలు నరకం" అని రాసి ఉంటే డబ్బులు మిగిలేవి.

వెన్బా గురించి కూడా ఒక మాట. టొరంటోలో తయారైన గేమ్, కెనడా వెళ్ళిన తమిళ కుటుంబం, వంట. గంట గంటన్నరలో అయిపోతుంది. 2023 గేములకి బాఫ్టాలో తొలి గేమ్ బహుమతి కూడా గెలిచింది. వార్షిక జాబితాల్లో దాని పక్కన "వలస జీవితాన్ని హృద్యంగా చూపింది" లాంటి మాటలే ఎక్కువ కనబడ్డాయి. మా అమ్మ పక్కన కూర్చుని చూసింది. ఇడ్లీ పాత్రలో పళ్ళాలు అమర్చే ఘట్టం వచ్చేసరికి "ఇదీ పజిలేనా?" అని నవ్వి, నేను ఆలోచించేలోపే చెప్పేసింది. తర్వాత కొడుకు ఫోన్ ఎత్తని ఘట్టంలో మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. విమర్శకుడికి అది కొత్త లోకం, మా అమ్మకి పక్కింటి సంగతి. ఇద్దరిలో ఎవరి తీర్పు సరైనదని కాదు. ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో తెలిస్తే రెండూ పనికొస్తాయి. పద్నాలుగో స్థానం అనే అంకె ఒక్కటే ఎందుకూ పనికిరాదు.

గొడవ వినిపించినవాళ్ళు

ఇది సాధ్యమేనా అంటే, చేసినవాళ్ళు ఉన్నారు. జయంట్ బాంబ్ అనే గేమ్స్ సైటు వాళ్ళు ఏళ్ళ తరబడి ఏడాది చివరి చర్చని మొత్తం రికార్డు చేసి గంటలకి గంటలు పాడ్‌కాస్టుగా వదిలేవారు. మెట్రోలో ఆఫీసుకి వెళ్తూ వస్తూ అవే వినేవాణ్ణి. ఒకడు ఒక గేమ్ కోసం గొంతు చించుకుంటాడు, మిగతావాళ్ళు "నేను ఆడలేదు, నువ్వు చెప్తున్నావు కాబట్టి తొమ్మిదో స్థానం" అంటారు. ఇంకో గేమ్ అందరూ ఆడారు కానీ ఎవరికీ ప్రేమ లేదు, అయినా పైకి పాకుతుంది. తుది జాబితా ఏమిటో నాకు ఒక్క ఏడాదిది కూడా గుర్తులేదు. ఎవరు ఏం ఆడారో, ఎందుకు పట్టుబట్టారో మాత్రం గుర్తుంది. నేను ఆ తర్వాత కొన్న గేములు కూడా ఓడిపోయినవాడి మాట విని కొన్నవే ఎక్కువ.

సినిమాలకి సైట్ అండ్ సౌండ్ పత్రిక 1952 నుంచి పదేళ్ళకోసారి ఓటింగు పెడుతుంది. ఉమ్మడి జాబితా వేస్తూనే ఏ విమర్శకుడు ఏ పది సినిమాలకి ఓటేశాడో కూడా వెబ్‌లో పెడుతుంది. 1941 నాటి సిటిజన్ కేన్ 1952 ఓటింగులో మొదటి పదిలో లేదు, 1962లో మొదటి స్థానానికి వచ్చి అర్ధ శతాబ్దం కదల్లేదు. ఇరవై ఏళ్ళు ఆగితే తీర్పు అంత మారుతుందన్నమాట. గేములకి ఇరవై ఏళ్ళు ఆగమని ఎవరూ అనరు. ఓటు పక్కన పేరు పెట్టమనడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

పేరు పెడితే షో కొట్టడం మొదలవుతుందని మా డల్లాస్ వాడి భయం. ఎవరికీ తెలియని గేమ్ మొదట పెట్టి "నేను వేరే" అనిపించుకునేవాళ్ళు తయారవుతారట. తయారవుతారు, కాదనను. ఇప్పుడు లేరా? కనీసం అప్పుడు ఎవరు షో కొడుతున్నారో పేరుతో సహా తెలుస్తుంది, వచ్చే ఏడాది వాళ్ళని చదవడం మానేస్తాం.

నోటితో చెప్పి వదిలేస్తే బాగోదు కాబట్టి 2025కి నాది. ఎక్స్‌పెడిషన్ 33 చివరిదాకా ఆడాను, మొదటి భాగం ముగింపు దగ్గర రెండు రోజులు వేరే గేమ్ ముట్టుకోలేదు, మూడో భాగంలో మాత్రం బాగా సాగదీశారు. నా మొదటి స్థానం దానిదే. హేడీస్ 2 చాలా ఆడాను, కథ ముగింపు చూశాను, చూడకపోయినా బాగుండేది, అయినా రెండోది. కింగ్‌డమ్ కమ్ 2లో పెళ్ళి దాటి ఎంతో దూరం పోలేదు, అంతవరకు బాగుంది, ర్యాంకు ఇవ్వను. సిల్క్‌సాంగ్ మధ్యలో ఒక బాస్ (ఓడిస్తే గానీ ముందుకు పోనివ్వని పెద్ద శత్రువు) దగ్గర ఆగిపోయి ఉంది, దానికీ ర్యాంకు లేదు. డాంకీ కాంగ్ ఆడే యంత్రమే నా దగ్గర లేదు. డెత్ స్ట్రాండింగ్ 2 ఒక స్నేహితుడి ఇంట్లో ఒక పూట చూశాను, నచ్చలేదు, ఆ మాటని ఎవరూ పట్టించుకోవద్దు. గ్రూపులో ఇదే పెట్టాను. కరీంనగర్ వాడు వెంటనే అడిగాడు: "సిల్క్‌సాంగ్‌లో ఏ బాసురా?"